మర – మరమ్మతు: తడి ఒకచోట, చిల్లు ఇంకొకచోట



కిందటి సంచికలో నూతి మోటారు గురించి రాసినదానికి పదకొండు ఉత్తరాలు వచ్చాయి. పది ఉత్తరాలకు విడిగా జవాబు రాశాను. పదకొండోది పారాదీప్ నుంచి ఒక తల్లి రాసింది. దానికి జవాబు అందరూ చదవవలసిందని ఇక్కడ రాస్తున్నాను.

"అన్నయ్యగారూ, మావాళ్ళు మూడు తరాల కిందట భీమిలి వైపు నుంచి ఇటు వచ్చి స్థిరపడ్డారు. మా అబ్బాయి అప్పుచేసి పాత మరబోటు కొన్నాడు. ఇంజను రోజుకు రెండు చెంబుల నీళ్ళు తాగేస్తోంది. ఒక మెకానిక్కు హెడ్డు విప్పాలంటున్నాడు. ఇంకొకాయన ఇంజనే మార్చమంటున్నాడు. ఇద్దరూ మావాడికి ఇంజను నడపడం రాదని మాత్రం ఒకే మాటగా చెబుతున్నారు. ఏం చెయ్యమంటారు?"

అమ్మా, మీ ఉత్తరంలో చివరి మాట దగ్గర నేను ఆగిపోయాను. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు ఇంజను సంగతి చూద్దాం. బోటు లేనివాళ్ళు కూడా పేజీ తిప్పెయ్యకండి. ఇంటి కప్పు కారినా, కుక్కరు కారినా వెతికే పద్ధతి ఇదే.

బోటులో ఉండే డీజిలు ఇంజనుకు చాలావాటిలో రెండు నీళ్ళుంటాయి. ఒకటి లోపలి నీరు. ఇది మంచినీరు. పైన ఉన్న చిన్న ట్యాంకులో పోస్తాం. అది ఇంజను ఒంట్లో తిరిగి, వేడెక్కి, మళ్ళీ ట్యాంకుకు వస్తుంది. రెండోది బయటి నీరు. బోటు అడుగున ఉన్న వాల్వులోంచి పంపు లాగే సముద్రపు నీరో, ఏటి నీరో. ఇది లోపలి నీటి వేడిని తీసుకుని మళ్ళీ బయటికి పోతుంది. ఈ రెండూ ఒక పెట్టెలో కలుసుకుంటాయి కాని ఒకదాన్నొకటి ముట్టుకోవు. కాగిన పాలగిన్నెను చన్నీళ్ళ పళ్ళెంలో పెట్టి చల్లారుస్తాం కదా, అలాగన్నమాట. పాలు వేరు, పళ్ళెంలో నీళ్ళు వేరు. మధ్యలో గిన్నె గోడ. ఇంజనులో ఆ గోడ పని చేసేవి సన్నని రాగి కలిసిన గొట్టాలు. పెన్సిలంత లావున కట్టగా ఉంటాయి. ఆ పెట్టెను హీట్ ఎక్స్‌ఛేంజరు అంటారు. మా రేవులో మాత్రం అందరూ కూలరనే అంటారు.

కాబట్టి ఇంజను కారుతోందనగానే పానా పట్టుకోకూడదు. మొదట మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఏ నీరు పోతోంది? ఎప్పుడు పోతోంది? ఎక్కడికి పోతోంది?

ఏ నీరన్నది పై ట్యాంకే చెబుతుంది. ట్యాంకులో మట్టం తగ్గకుండా బోటు అడుగున నీళ్ళు చేరుతుంటే అది బయటి నీరు. సముద్రపు నీటి గొట్టమైనా కావచ్చు, పంపైనా కావచ్చు, బోటు చెక్కల సందైనా కావచ్చు. ట్యాంకు తగ్గుతూ, బోటు అడుగు కూడా తడిగా ఉంటే లోపలి నీరు బయటికి కారుతోంది. ట్యాంకు తగ్గుతోంది, బోటు అడుగు మాత్రం పొడిగా ఉంది, అలాంటప్పుడు నీరు లోలోపలే ఎటో పోతోంది. ఈ మూడోదే కష్టం.

రుచి చూసి ఉప్పునీరో మంచినీరో తేల్చే అలవాటు రేవుల్లో ఉంది. ట్యాంకులో రంగు కూలెంటు కలిపి ఉంటే ఆ పని ఎప్పుడూ చెయ్యకండి. అందులో చాలారకాలు విషం. పైగా మా యానాం లాంటి చోట రుచి కూడా దారి తప్పిస్తుంది. ఎండాకాలంలో గౌతమి పాయలోకి ఉప్పు ఎగదన్నుతుంది. వరదరోజుల్లో బయటి నీరు కూడా మంచినీరే అవుతుంది.

ఎప్పుడన్నది రెండో ప్రశ్న. ఇంజను ఆపేసి, సముద్రపు నీటి వాల్వు మూసేసి ఒక పూట ఉంచండి. అప్పుడు కూడా అడుగున నీరు చేరుతుంటే తప్పు ఇంజనుది కాదు. షాఫ్టు గ్లాండులోంచో, చెక్కల్లోంచో వస్తోంది. గ్లాండు తాడు వేసిన పాత పద్ధతి బోట్లలో షాఫ్టు తిరుగుతున్నప్పుడు నిమిషానికి కొన్ని చుక్కలు పడాలి. ఆ చుక్కలే దానికి చలవ. అది చూసి బిగించి బిగించి షాఫ్టు కాల్చుకున్నవాళ్ళను నేనెరుగుదును. ఇంజను తిరుగుతున్నప్పుడే కారుతుంటే పంపు మీద అనుమానపడాలి. బాగా వేడెక్కాక కారుతుంటే గొట్టాలు, గాస్కెట్లు చూడాలి. చల్లారాక కారుతుంటే హోసు క్లిప్పులు చూడాలి. వేడికి సాగి బిగిసినవి చల్లారితే వదులవుతాయి.

ఎక్కడన్నది ఆఖరి ప్రశ్న. అందరూ దీనితోనే మొదలుపెట్టి దెబ్బతింటారు. నీరు పల్లానికి పోతుంది. పంపు దగ్గర బయలుదేరిన చుక్క ఇంజను పక్కనే పాకి, దిమ్మ మీదుగా జారి, వెనక గేరుబాక్సు కింద పడుతుంది. మనం గేరుబాక్సు విప్పుతాం. ఇంట్లో కూడా అంతే. హాలు కప్పు మీద మరక కనిపిస్తుంది. చిల్లు మేడమీద ఎక్కడో తొట్టి కింద ఉంటుంది. తడి కనిపించిన చోట చిల్లు ఉందని ఎప్పుడూ నమ్మకండి. పైకి, ఇంకా పైకి వెతుక్కుంటూ పోండి.

దీనికి నేను వాడే సాధనం మీ అందరి ఇళ్ళలోనూ ఉంది. ముగ్గుపిండి. చల్లగా ఉన్న ఇంజనును పాతబట్టతో శుభ్రంగా తుడిచి, పొడిగా ఆరనిచ్చి, అనుమానమున్న చోట మెత్తటి ముగ్గుపిండి అద్దండి. తిరిగే బెల్టుల మీద, గాలి పీల్చే నోటి దగ్గర మాత్రం వద్దు. కింద పాత దినపత్రిక పరవండి. ఇంజను తిప్పి, చేతులు దూరంగా పెట్టుకుని, టార్చి లైటు వేసి చూడండి. తెల్లటి పిండి మీద నీటిచార నల్లగా కనిపిస్తుంది. ఆ చార ఎక్కడ మొదలైందో చిల్లు అక్కడే. కన్ను ఆనని చోట షేవింగు అద్దం పెట్టి చూడండి.

సముద్రపు నీటి పంపు కింద ఒక చిన్న రంధ్రం ఉంటుంది. అది పగులు కాదు, కావాలని పెట్టిందే. పంపు లోపలి సీలు పాడైతే నీరు ఆయిలు వైపు పోకుండా ఆ రంధ్రంలోంచి బయటపడి మనకు కబురు చెబుతుంది. చుక్కలు చూసి విసుగెత్తి ఆ రంధ్రానికి ఎంసీలు పెట్టేసిన మహానుభావులున్నారు. కబురు ఆగుతుంది, జబ్బు ఆగదు. ఆ నీరు ఆయిలులోకి పోతే ఇంజనుకే ముప్పు. రంధ్రం కారితే సీలు మార్చాలి. షాఫ్టు మీద గాడి పడిందేమో గోరుతో గీసి చూడాలి. గాడి తగిలితే కొత్త సీలు కూడా నిలవదు.

ఆయిలు పుల్ల తీసి చూడటం రోజూ చెయ్యవలసిన పని. ఆయిలు పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే నీరు కలిసిందన్నమాట. ఇంజను రాత్రంతా కదలకుండా ఉన్నాక, పొద్దున్నే ఆయిలు చాంబరు అడుగు నట్టు కాస్త వదులు చెయ్యండి. నీరు ఆయిలుకన్నా బరువు కనుక ముందు నీరే వస్తుంది. అలా వస్తే ఇక ఇంజను తిప్పవద్దు. ఆయిలు తీసేసి, కారణం కనిపెట్టి, బాగుచేసి, చవక ఆయిలుతో రెండు మూడుసార్లు కడిగాకే మంచి ఆయిలు పొయ్యాలి. ఉప్పునీరైతే ఆలస్యం అసలు పనికిరాదు. బేరింగులను తినేస్తుంది.

ఇక నేను ఆగిపోయానన్న మాట దగ్గరికి వస్తాను.

1996 నవంబరు 6 రాత్రి తుపాను మా ప్రాంతాన్ని ఎలా ఊడ్చిందో ఇక్కడివాళ్ళకు చెప్పనక్కరలేదు. వెయ్యిమందికి పైగా పోయారు. నీళ్ళు తీశాక రేవులో, మడచెట్ల మధ్య, వరిచేలలో ఎక్కడ చూసినా బోట్లే. మునిగిన ఇంజనుకు గాలి తగిలిన దగ్గర్నుంచి తుప్పు మొదలవుతుంది. అందుకని నిద్రాహారాలు మానుకుని పని చేశాం. మంచినీళ్ళతో కడగడం, ఇంజెక్టర్లు విప్పి చేత్తో తిప్పి సిలిండర్లలో నీరు బయటికి తీయడం, ఆయిలు మార్చడం. అలా నేను బతికించిన ఇంజన్లలో ఒకటి నాకు బాగా తెలిసిన ఓనరుగారిది.

కూలరు పెట్టెలో జింకు పెన్సిలని ఒకటి ఉంటుంది. వేలెడు ముక్క. ఉప్పునీటిలో రెండు రకాల లోహాలుంటే ఒకటి రెండోదాన్ని తినేస్తుంది. జింకు పెడితే ఆ తినుడంతా తనమీద వేసుకుని కరిగిపోతుంది, గొట్టాలు బతుకుతాయి. నెలకోసారి విప్పి చూసి, సగం అరిగితే మార్చాలి. ఆ ఇంజనులో జింకు పూర్తిగా అయిపోయి ఉంది. ఆ వారం కాకినాడలో ఎంత వెతికినా కొత్తది దొరకలేదు. ఆ కన్నానికి మామూలు ఇత్తడి బిరడా బిగించి, వచ్చేనెల మారుద్దాంలే అనుకున్నాను. ఆ వచ్చేనెల రాలేదు. మరిచేపోయాను.

1998 జూన్‌లో ఓనరుగారు కబురు చేశారు. ట్యాంకులో నీరు వేటకు వెళ్ళిన ప్రతిసారీ తగ్గిపోతోందట. బోటు అడుగు పొడిగానే ఉంది. పొద్దున్నే ఇంజను వెయ్యగానే తెల్లపొగ వచ్చింది. ఇంకేముంది, హెడ్ గాస్కెట్టు పోయిందని తేల్చేశాను. ఇంజను వేడెక్కాక ఆ పొగ ఆగిపోయింది. ఆగకుండా ఆవిరిలా వస్తూనే ఉంటేనే నీటి పొగ. చల్లటి ఇంజను కాసేపు తెల్లగా పొగ వదలడం మామూలే. ఇది నాకు తెలుసు. తెలిసీ చూసుకోలేదు.

ఇంజను డ్రైవరు ఇరవై రెండేళ్ళ కుర్రవాడు. పక్కనే నిలబడి, "బాబాయ్, ఒకటి చెప్పనాండి? వేట నుంచి వచ్చేసరికి నీళ్ళు తగ్గుతున్నాయండి. కానండి, రాత్రి కట్టేసి పొద్దున్నే చూస్తే కాస్త పెరిగినట్టుంటున్నాయండి" అన్నాడు.

"ఇంజనులో నీళ్ళు ఊరతాయేంట్రా? అదేమన్నా చెలమా?" అన్నాను. రేవులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. అంతటితో ఊరుకోలేదు. నీళ్ళు చూసుకోకుండా తోలితే గాస్కెట్టు కాలక ఏమవుతుంది అని కూడా అన్నాను. ఓనరుగారికి ఆ మాట చాలు. కుర్రవాణ్ణి మానిపించేశారు. హెడ్డు పనికైన ఖర్చులో రెండు వేలు అతని వాటాలోంచి పట్టుకున్నారు.

హెడ్డు విప్పాను. పాత గాస్కెట్టు చెక్కుచెదరలేదు. కళ్ళారా చూశాను. చూసి కూడా, ఎలాగూ విప్పాం కదా అని హెడ్డును కాకినాడ పంపి చదును చేయించి, కొత్త గాస్కెట్టు వేసి బిగించాను. నోరు విప్పలేదు. పది రోజుల వేట పోయింది.

జూలైలో గోదావరికి ఎర్రనీరు వచ్చింది. ఓనరుగారు మళ్ళీ కబురు చేశారు, నీరు తగ్గుతూనే ఉందని. పొద్దున్నే వెళ్ళి, చల్లగా ఉన్న ఇంజను ట్యాంకు మూత తీసి వేలు పెట్టాను. వేలికి ఎర్రటి ఒండ్రు అంటుకుంది. ఆ ట్యాంకులో పోసేది కుళాయి నీరు. ఏటి నీరు అందులోకి ఎలా వచ్చింది?

అప్పుడు ఆ కుర్రవాడి మాట చెవిలో మోగింది. ఇంజను వేడిగా ఉన్నప్పుడు లోపలి నీటికి ఒత్తిడి ఎక్కువ. చిల్లులోంచి బయటి నీటిలోకి పోయి, దానితోపాటు ఏట్లో కలిసిపోతుంది. అందుకే బోటు అడుగు పొడిగా ఉంది. ఇంజను ఆపి చల్లారాక లోపల ఒత్తిడి ఉండదు. కూలరేమో బోటు బయటి నీటిమట్టానికి కింద ఉంది. ఏటి నీరు అదే చిల్లులోంచి లోపలికి ఎక్కుతుంది. నిజంగానే పొద్దున్నే నీళ్ళు పెరుగుతున్నాయి. అది చెలమే.

కూలరు విప్పి గొట్టాల కట్టను బయటికి తీశాం. బయటివైపు దారులు రబ్బరు బిళ్ళలతో బిగించి, సైకిలు పంపుతో కొద్దిగా గాలి పెట్టి, నీళ్ళ తొట్టిలో ముంచాం. ఒక గొట్టం నోట్లోంచి బుడగలు వరసగా వచ్చాయి. సూదిమొన పట్టేంత చిల్లు. ఆ గొట్టానికి రెండు చివరలా ఇత్తడి మేకులు కొట్టి మూసేశాం. గొట్టాల్లో పదో వంతు లోపు ఇలా మూసినా పని నడుస్తుంది. అంతకు మించితే కట్ట మార్చాలి. తర్వాత పక్కనున్న బిరడా విప్పాను. నేను పెట్టిన ఇత్తడి బిరడా. జింకు ఉండవలసిన చోట జింకు లేక, గొట్టాలు దాని పని చేశాయి. పనంతా రెండు పూటలు పట్టింది.

ఆ సాయంత్రమే ఓనరుగారి ఇంటికి వెళ్ళి, తప్పు నాదని చెప్పాను. రెండు వేలు ఆయన చేతిలో పెట్టి, ఆ కుర్రవాడి వాటా అతనికి ఇచ్చెయ్యమన్నాను. అక్కణ్ణుంచి కుర్రవాడి ఇంటికి వెళ్ళాను. వాళ్ళమ్మ మంచం వాల్చి, మంచినీళ్ళిచ్చింది. జరిగిందంతా చెప్పాను. అతను తల వంచుకుని విని, ఒక్కటే అడిగాడు.

"ఎవరికి చెప్పారండి బాబాయ్?"

"ఓనరుగారికి చెప్పాను."

"ఆయ్. ఎక్కడండి?"

"వాళ్ళింట్లో."

ఇంకేం మాట్లాడలేదు. నాకర్థమైంది. నేను అతన్ని అన్నది రేవులో. ఒప్పుకున్నది నాలుగు గోడల మధ్య.

మర్నాడు తెల్లవారుజామున బోట్లు కదిలే వేళకు రేవుకు వెళ్ళాను. సరంగులు, డ్రైవర్లు, వలలవాళ్ళు అందరూ ఉన్నారు. ఆ ఇత్తడి బిరడా చేతిలో పట్టుకుని, జరిగింది జరిగినట్టు చెప్పాను. చెలమ మాట కూడా చెప్పాను. ఎవరో నవ్వారు. ఈసారి నా మీద. చాలాసేపు గొంతు తడారిపోయింది కాని, ఇంటికి వచ్చాక కడుపునిండా అన్నం తిన్నాను.

ఆ కుర్రవాడు మళ్ళీ ఆ బోటెక్కలేదు. కాకినాడలో వేరే బోటు చూసుకున్నాడు. ఎప్పుడైనా ఎదురైతే "జింకు మార్చారాండి బాబాయ్?" అని పలకరిస్తాడు. అది వేళాకోళమో, జాగ్రత్త చెప్పడమో నాకు ఇప్పటికీ తెలియదు. రెండూ నాకు దక్కవలసినవే.

అమ్మా, ఇక మీ సంగతి. హెడ్డు విప్పనిచ్చే ముందు మీ అబ్బాయి చేత ఈ పనులు చేయించండి. మొదటిది, ఆయిలు పుల్ల తీసి రంగు చూడాలి. తెల్లబడి ఉంటే ఇంజను వెయ్యకూడదు. రెండోది, పొద్దున్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడు ట్యాంకు మూత తీసి, నిండుగా నీరు పోసి, ఇంజను వేసి చూడాలి. బుడగలు ఆగకుండా వస్తుంటే అప్పుడు హెడ్ గాస్కెట్టు మీదో, హెడ్డు పగులు మీదో అనుమానపడవచ్చు. వేడి ఇంజను మూత మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తియ్యకూడదు, ముఖం కాలిపోతుంది. మూడోది, ఇంజను ఆపి చల్లారాక సముద్రపు నీటి వాల్వు మూసి, కూలరులో బయటి నీటిని కింది నుంచి పూర్తిగా తీసెయ్యాలి. లోపలి నీటివైపు సైకిలు పంపుతో కొద్దిగా ఒత్తిడి పెట్టాలి. ట్యాంకు మూత మీద వేసిన అంకెకు మించకూడదు. అది సాధారణంగా అర కిలో నుంచి ఒక కిలో దాకా ఉంటుంది. ఖాళీ చేసిన వైపు నుంచి నీరు చుక్కలుగా పడితే చిల్లు కూలరులోనే. ఎక్కడా చుక్క పడకుండా ఒత్తిడి పడిపోతుంటే అప్పుడు హెడ్డు సంగతి ఆలోచించాలి. ఇవన్నీ చెయ్యడానికి ఒక పూట చాలు.

వీటన్నిటికన్నా ముందు ఇంకొక పని ఉంది. మీ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని, "నువ్వేం చూశావురా?" అని అడగండి. ఎప్పుడు తగ్గుతోంది, ఎప్పుడు పెరుగుతోంది, ఎప్పుడు పొగ వస్తోంది, అన్నీ. వినడానికి వింతగా ఉన్నా సరే, కాగితం మీద రాసి మెకానిక్కుకు ఇవ్వండి. రోజూ ఇంజను పక్కన కూర్చునేవాడు చూసినంత మేము చూడం. మేము వచ్చేది జబ్బు చేసినప్పుడే.

ఫలితం ఏమైందో తప్పక ఉత్తరం రాయండి. వచ్చే సంచికలో, బెంగుళూరు సోదరి అడిగిన పాత కుట్టుమిషను సంగతి చూద్దాం. అంతవరకు సెలవు.